పడమటి గదికి పోర్టబుల్ ఏసీ: సియాటిల్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకు

"మార్చిలో హైదరాబాద్ నుంచి సియాటిల్ పక్కనున్న రెడ్మండ్ వచ్చాం. మూడో అంతస్తు, మా పైన ఇంకెవరూ లేరు. రెండో బెడ్‌రూమ్ పడమటి వైపు ఉంది. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. అపార్ట్‌మెంట్‌లో ఏసీ లేదు. కిటికీలోంచి బయటికి ఏదీ పొడుచుకు రాకూడదని లీజులో ఉంది. 14,000 బీటీయూ పోర్టబుల్ ఏసీ ఒకటి 400 డాలర్లకు కనబడింది. కొనేయమంటారా అన్నా?"

కొనేముందు కాస్త ఆగండి. పోర్టబుల్ ఏసీ అంటే గదిలోనే నేల మీద నిలబెట్టి, వెనకున్న గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టేది. పెట్టె మీద అంకె కన్నా, ఏసీ వెనక ఎన్ని గొట్టాలున్నాయో చూడటం ముఖ్యం.

ముందు ఊరి సంగతి. సియాటిల్ అంటే ఎప్పుడూ వానే కదా, ఏసీ దేనికి అనుకుంటూ వస్తాం అందరం. ఇక్కడి పాత అపార్ట్‌మెంట్లలో గోడవారన బేస్‌బోర్డ్ హీటర్లే ఉంటాయి. చల్లబరిచే ఏర్పాటు ఉండదు, చాలాచోట్ల సీలింగ్ ఫ్యాన్ కూడా ఉండదు. 2019 నాటి సెన్సస్ గృహ సర్వే ప్రకారం ఈ ప్రాంతంలో సగం ఇళ్ళకు కూడా ఏసీ లేదు. ఆ తర్వాత 2021 జూన్ వచ్చింది. 26, 27, 28 తేదీల్లో సీటాక్ విమానాశ్రయంలో వరసగా 102, 104, 108 డిగ్రీలు. అంతకుముందు రికార్డు 2009 జూలైలో వచ్చిన 103. 108 ఫారన్‌హీట్ అంటే మన లెక్కలో 42, విజయవాడ మే నెల ఎండన్నమాట. ఆ వారం ఏ షాపులోనూ ఏసీ మాట అటుంచి టేబుల్ ఫ్యాన్ కూడా దొరకలేదు.

ఇక్కడి ఇళ్ళు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. లోపలికొచ్చిన వేడి ఒక పట్టాన బయటికి పోదు. పైగా జూన్ చివర్లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటితే గానీ అస్తమించడు. మీ పడమటి గది మధ్యాహ్నం మూడింటి నుంచి అప్పటిదాకా కాగుతూనే ఉంటుంది. అమ్మానాన్నలు పడుకునే వేళకి గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

ఇక ఏసీ సంగతికొద్దాం. ఏ ఏసీ అయినా గదిలో వేడిని లాగి బయట పారెయ్యాలి. గొట్టం ఒకటే ఉన్న పోర్టబుల్ ఏసీ ఆ వేడిని బయటికి తోలడానికి గదిలో గాలినే వాడుకుంటుంది. అప్పుడే డబ్బులు పెట్టి చల్లబరుచుకున్న గాలిని వేడి కాయిల్ మీదుగా ఊది కిటికీలోంచి పంపేస్తుంది. బయటికి పోయినంత గాలి మళ్ళీ ఎక్కణ్ణుంచో లోపలికి రావాలి కదా? తలుపు కింద సందులోంచి, కిటికీ అంచుల్లోంచి, బాత్‌రూమ్ వెంట్‌లోంచి బయటి వేడిగాలి వచ్చి చేరుతుంది. చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టే. నమ్మకం లేకపోతే ఏసీ నడుస్తుండగా గది తలుపు మూసి, కింద సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకోండి. అది లోపలి వైపుకి ఎగురుతుంది. ఏసీకి రెండు అడుగుల దూరంలో చల్లగా ఉండి, మంచం అవతలి అంచున ఉక్కపోయడానికి కారణం అదే.

రెండు గొట్టాల ఏసీ బయటి గాలిని ఒక గొట్టంతో తెచ్చుకుని, దానికే వేడిని అప్పగించి, రెండో గొట్టంతో పంపేస్తుంది. గది గాలి జోలికి దాదాపుగా పోదు. ఈమధ్య గొట్టంలో గొట్టం పెట్టిన మోడళ్ళు కూడా వస్తున్నాయి. చూడటానికి లావుపాటి గొట్టం ఒకటే ఉంటుంది, లోపల రెండు దారులుంటాయి. అవీ మంచివే. మీరు చూసిన 400 డాలర్లది ఎక్కువ భాగం ఒంటి గొట్టందే అయ్యుంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న రెండు గొట్టాల ఏసీకి ఇంకో వందో రెండొందలో ఎక్కువ పెట్టాలి. పడమటి గదికి నేనైతే ఆ డబ్బు పెట్టమనే చెబుతాను. కరెంటు బిల్లు కోసం కాదు, రాత్రి నిద్ర కోసం. మామూలు కంప్రెసర్ గుర్రుమంటూ మొదలై, టక్కున ఆగి, మళ్ళీ మొదలవుతుంది. స్ప్లిట్ ఏసీకి ఉన్నట్టు దీనికి కంప్రెసర్ బయట ఉండదు, మంచం పక్కనే ఉంటుంది. ఇన్వర్టర్‌ది సన్నగా ఒకేలా నడుస్తుంది. ఫ్యాన్ చప్పుడు లేకపోతే నిద్రపట్టని మన పెద్దవాళ్ళకు అది జోలపాటే.

ఇక ఆ 14,000 అంకె. మనం ఏసీని టన్నుల్లో లెక్కేస్తాం, టన్ను అంటే 12,000 బీటీయూ. కాబట్టి ఇది టన్ను పైనే అనిపిస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఆష్రే (ASHRAE) అనే ఇంజినీర్ల సంఘం పాత పద్ధతి లెక్క. దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఎస్‌ఏసీసీ (SACC) అని ఇంకో అంకె ఉంటుంది. గొట్టం వేడెక్కడం, సందుల్లోంచి వచ్చే గాలి, ఇవన్నీ పోగా మిగిలేది అది. పెద్ద అంకె 14,000 ఉన్నచోట చిన్న అంకె తరచు 8,000కీ 10,000కీ మధ్య ఉంటుంది. అంటే ముప్పావు టన్ను. రెండు ఏసీలను పోల్చేటప్పుడు ఈ చిన్న అంకెనే పోల్చండి. 150 చదరపు అడుగుల గదికి మామూలుగా 6,000 ఎస్‌ఏసీసీ సరిపోతుంది. మీది పై అంతస్తు, పడమటి ఎండ కాబట్టి 8,000కి తగ్గొద్దు. హాలూ కిచెనూ కూడా దాంతోనే చల్లబడాలని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక గది, తలుపు మూసి, అంతే. ఇంకొకటి, 2025 జనవరి 10 నుంచి తయారయ్యే పోర్టబుల్ ఏసీలకు ఫెడరల్ ప్రభుత్వం కరెంటు పొదుపు ప్రమాణం పెట్టింది. పాత సరుకు చవగ్గా ఇస్తున్నారంటే తయారీ తేదీ చూడండి.

గొట్టమే లేకుండా నీళ్ళూ ఐసూ పోసుకునే చిన్న పెట్టెలు ఆన్‌లైన్‌లో ఏసీ పేరుతోనే కనబడతాయి. అవి కూలర్లు. మూసిన గదిలో తేమ పెంచడం తప్ప చేసేదేమీ లేదు.

అసలు టెన్షన్ కిటికీ దగ్గర మొదలవుతుంది. గొట్టాన్ని కిటికీలో బిగించడానికి ఏసీతో వచ్చే ప్లాస్టిక్ పలకల కిట్‌ని చాలావరకు పైకెత్తే కిటికీల కోసం చేస్తారు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా పక్కకి జరిపేవే. అప్పుడు కిట్‌ని నిలువుగా పెట్టాలి. కాబట్టి ఆర్డర్ చేసేముందు కిటికీ తెరుచుకున్నప్పుడు ఎంత ఎత్తుందో అంగుళాల్లో కొలవండి. దోమతెర అంచు నుంచి కాదు, అద్దం జారే గాడి నుంచి. కిట్ పొడవు చాలకపోతే మిగిలిన ఖాళీకి హార్డ్‌వేర్ షాపులో ప్లైవుడ్డో ప్లెక్సీగ్లాసో కొలతిచ్చి కోయించుకోండి. అంచులన్నిటికీ ఫోమ్ టేపు వెయ్యాలి. రెండు అద్దాలు ఒకదాని వెనక ఒకటి వచ్చినచోట వాటి మధ్య సన్నటి సందొకటి మిగులుతుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. అక్కడ ఫోమ్ ముక్క దూర్చండి. కిట్ పెట్టాక కిటికీకి గడియ పడదు కాబట్టి చీపురు కర్రలాంటిది కొలతకు కోసి గాడిలో అడ్డం పెట్టండి. కింది అంతస్తులో ఉండేవాళ్ళు ఇది మానొద్దు.

గొట్టాన్ని వీలైనంత పొట్టిగా, తిన్నగా ఉంచాలి. ఇంకో గొట్టం కలిపి పొడిగించకండి. నడుస్తున్నప్పుడు దాన్ని ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఆ వేడంతా గదిలోకే వస్తోందన్నమాట. ఇన్సులేషన్ తొడుగులు దొరుకుతాయి, వేస్తే తేడా తెలుస్తుంది.

కరెంటు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: ఎక్స్‌టెన్షన్ కార్డ్ వద్దు. ఇవి 1,000 నుంచి 1,400 వాట్ల దాకా గంటల తరబడి లాగుతాయి. ఇక్కడ 120 వోల్టులే కాబట్టి అది ఎనిమిది నుంచి పన్నెండు ఆంపియర్లు. గది బ్రేకర్ మామూలుగా 15 ఆంపియర్లది. అదే లైన్ మీద హెయిర్ డ్రయ్యరో ఇస్త్రీ పెట్టో పెడితే బ్రేకర్ పడిపోతుంది. పక్క గది ప్లగ్గులు కూడా ఒక్కోసారి అదే బ్రేకర్ మీద ఉంటాయి, అమ్మానాన్న రాకముందే చూసుకోండి. ఖర్చంటారా, రోజుకి ఎనిమిది గంటలు 1,200 వాట్లంటే తొమ్మిదిన్నర యూనిట్లు. యూనిట్ 15 సెంట్లనుకుంటే డాలరున్నర లోపు.

రోజూ వెయ్యాల్సిన పని కూడా లేదు. ఈ ఊళ్ళో ఎండాకాలం రాత్రుళ్ళు చాలావరకు 60 డిగ్రీల లోపుకి దిగుతాయి. పొద్దున్నే కిటికీలు, బ్లైండ్లు మూసేసి, రాత్రి బయట చల్లబడ్డాక ఒక కిటికీలో బాక్స్ ఫ్యాన్‌ని బయటికి ఊదేట్టు పెట్టి, ఇంకో కిటికీ తెరిస్తే గంటలో గది దారికొస్తుంది. రాత్రి కూడా 65కి తగ్గని రోజుల్లోనే ఏసీ లేకపోతే కష్టం. ఇంకా, కార్చిచ్చు పొగ కమ్మే రోజుల్లో. 2022 అక్టోబర్‌లో సియాటిల్ గాలి కొన్ని రోజులపాటు ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలోకీ చెడ్డగా ఉంది. అలాంటప్పుడు కిటికీ తెరవలేం. ఒంటి గొట్టం ఏసీ అయితే మూసిన ఇంట్లోకి సందుల్లోంచి పొగని తనే లాగుతుంది. పెద్దవాళ్ళకు ఆయాసం ఉంటే రెండు గొట్టాలది కొనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇంట్లో గ్యాస్ వాటర్ హీటర్ ఉన్నవాళ్ళు కూడా ఒంటి గొట్టానికి దూరంగా ఉండాలి. ఆ లాగుడికి హీటర్ పొగ గొట్టంలోంచి పోకుండా ఇంట్లోకి తిరగబడొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉండాలి.

ఇక్కడ వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళ ట్రే నిండటం అరుదు. న్యూజెర్సీ, హ్యూస్టన్ స్నేహితులు బకెట్లు పారబోస్తున్నామని చెబితే కంగారుపడకండి, వాళ్ళది తేమ ఊరు. మనకి ఫిల్టరే సమస్య. తాలింపు నూనె ఆవిరి దాని మీద పసుపుపచ్చటి జిగురుపొరలా అంటుకుంటుంది, పైన దుమ్ము పేరుకుంటుంది. రెండు వారాలకోసారి గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి పెట్టండి.

లీజు గురించి: కిట్ కిటికీ లోపలే ఉంటుంది కాబట్టి మామూలుగా ఒప్పుకుంటారు. అయినా ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. పోర్ట్‌లాండ్ వైపు వెళ్ళినవాళ్ళకు ఆ బాధ తక్కువ. ఆరెగన్‌లో 2022లో చేసిన చట్టం అద్దెకుండేవాళ్ళకు పోర్టబుల్ ఏసీ పెట్టుకునే హక్కునిచ్చింది.

మే మొదటి వారంలోపు కొనేయండి. జూన్‌లో ఒక్క వేడి వారం సూచన వస్తే మంచి మోడళ్ళు ముందు అయిపోతాయి. సెకండ్ హ్యాండ్ అయితే అక్టోబర్‌లో, ఇళ్ళు మారేవాళ్ళ దగ్గర చవగ్గా దొరుకుతుంది. కిట్ పలకలు, గొట్టాలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, పావుగంట నడిపించి చూడండి. కారులో పడుకోబెట్టి తెచ్చారా, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ నూనె కిందికి దిగాలి. 70 పౌండ్ల దాకా బరువుంటుంది, మీది మూడో అంతస్తు. లిఫ్ట్ లేకపోతే మోయడానికి ఇంకొకరిని పిలుచుకోండి.