చెల్లెలి క్లాసులో కూర్చోబెట్టాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి పూర్తి కావస్తోంది. క్లాసులో వయసుకి బాగా చిన్నవాళ్లలో వీడొకడు. మాటల్లో మంచి చురుకు. కథ చదివి వినిపిస్తే ఒక్క ముక్క వదలకుండా తిరిగి చెబుతాడు. నోటి లెక్కలు టక్కున చేస్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు, సగంలో ఏదో ఒక మాట ఊహించి అనేస్తాడు. రాత పరీక్షలన్నిట్లో అడుగునే. 'ఇంకో ఏడాది మూడులోనే ఉంచితే పునాది గట్టిపడుతుంది, నిర్ణయం మీదే' అన్నారు క్లాస్ టీచర్. రెండు వారాల్లో చెప్పాలట. మా వారు సరే అంటున్నారు. ఆయనా చిన్నప్పుడు ఒక క్లాసు రెండుసార్లు చదివారు. 'నాకేమైంది, బాగానే ఉన్నాగా' అంటారు. (ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా నన్నే చదివి చెప్పమంటారు, అది వేరే సంగతి.) మా అత్తగారేమో పరువు పోతుందని ఒప్పుకోవడం లేదు. నా భయం ఇంకోటి. మా పాప ఇప్పుడు రెండో తరగతి. వీణ్ని ఆపితే వచ్చే ఏడాది ఇద్దరూ ఒకే క్లాసు. మా మాటలు విన్నాడు కాబోలు, మొన్న రాత్రి పక్కలో చేరి 'అమ్మా, బాగా చదువుతా, చెల్లి క్లాసులో మాత్రం వేయించకు' అన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బ్రాకెట్లో పెట్టి 'అది వేరే సంగతి' అని మీరు తీసిపారేసిన వాక్యం ఉంది చూడండి, నాకు అదే అసలు సంగతిలా కనిపిస్తోంది. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి అయితే బాబుని ఆపవద్దనే అంటాను. మీ అత్తగారు చెప్పిన పరువు కోసం కాదు. వాడికి చదవడం ఎందుకు రావడం లేదో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు, అందుకు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా అదే మందు ఇంకో కోర్సు వాడమన్నట్టుంది ఈ సలహా. ఈ ఏడాది ఏ పాఠాలు, ఏ పద్ధతి వాడికి ఎక్కలేదో అవే వచ్చే ఏడాదీ చెబితే ఎక్కుతాయని ఏమిటి నమ్మకం?

టీచర్‌ని తప్పు పట్టడం లేదు. 'నిర్ణయం మీదే' అన్నారంటే మంచి టీచరే. ఇంకాస్త టైమ్ దొరికితే పిల్లాడు అందుకుంటాడన్న ఆశ సహజం. కొందరి విషయంలో అది నిజం కూడా. మీవాడు వయసులో చిన్నవాడన్నారు కదా. క్లాసులో పెద్ద పిల్లలకీ వాడికీ పది, పదకొండు నెలల తేడా ఉండొచ్చు. ఎనిమిదేళ్లవాడికి అది బతికిన కాలంలో దాదాపు తొమ్మిదో వంతు. కాబట్టి చిన్న తరగతుల్లో వెనకబడినట్టు కనిపించేవాళ్లలో కొంతమంది నిజానికి చిన్నవాళ్లు, అంతే. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది. కానీ వయసే కారణమైతే అన్నిట్లోనూ కొద్దికొద్దిగా వెనకబడాలి. మీవాడు అలా లేడు. వినడంలో, చెప్పడంలో, నోటి లెక్కల్లో ముందున్నాడు, చదవడం దగ్గర ఒక్కచోటే ఇరుక్కున్నాడు. అలా ఒకే చోట ఇరుక్కుంటే అక్కడేదో అడ్డం ఉందనే అనుమానించాలి.

ఇప్పుడు మీ బ్రాకెట్లోకి వద్దాం. మీ వారు ఒక క్లాసు రెండుసార్లు చదివారు, ఇప్పటికీ కాగితాలు మీ చేతికిస్తారు. ఆయనకి బద్ధకమో, కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండకపోవడమో కావచ్చు. అదేమీ కాకుండా చదవడమే కష్టమైతే? డిస్లెక్సియా అనే ఇబ్బంది గురించి వినే ఉంటారు. అక్షరాన్నీ దాని శబ్దాన్నీ వెంటవెంటనే జత చేయడం మెదడుకి కష్టంగా ఉండటం దాని ముఖ్య లక్షణం. తెలివితేటలకీ దానికీ సంబంధం లేదు. అది చాలావరకు కుటుంబాల్లో వస్తుంది, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. కథ విని మొత్తం చెప్పగలిగి, అదే కథ చదవమంటే కూడబలుక్కోవడం, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేయడం దాని గుర్తుల్లో ముఖ్యమైనవి. ఉత్తరం చూసి నేను రోగం పేరు పెట్టకూడదు, పెట్టడం లేదు. పరీక్ష చేయించమని మాత్రం గట్టిగా చెబుతున్నాను. పిల్లల చదువు ఇబ్బందులు చూసే సైకాలజిస్టు దగ్గర, లేదా స్కూల్లోనే స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే వారి దగ్గర.

దానికన్నా ముందు కళ్లూ చెవులూ. నవ్వకండి. దూరంగా ఉన్న చార్టులో అక్షరాలు చకచకా చదివేసిన పిల్లలకి కూడా దగ్గరి చూపులో ఇబ్బంది ఉండొచ్చు. అందుకని దగ్గరి చూపు విడిగా చూడమని డాక్టర్‌ని అడగాలి. తరచూ జలుబు చేసే పిల్లలకి కర్ణభేరి వెనక నీరు చేరి కొన్నాళ్లు మాట మందంగా వినిపిస్తుంది, మళ్లీ తగ్గుతుంది. దగ్గరగా ఉన్న శబ్దాల తేడా వినపడనివాడికి అక్షరాల తేడా పట్టుకోవడం కష్టమే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక పిల్లాడి తల్లిదండ్రులకి 'ఒక ఏడాది ఆపండి, ఏం కాదు' అని ధీమాగా చెప్పాను. ఆపారు. ఏడాది సగంలో తేలింది, వాడికి ఒక చెవి సరిగా వినపడదని. ముందు బెంచీలోకి మార్చి, చెవికి వైద్యం చేయించాక చదువు దారిలో పడింది. ఆగిన ఏడాది మాత్రం వాడికి తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పట్నుంచి చెవి పరీక్ష చేయించారా అని అడగకుండా ఎవరికీ సలహా ఇవ్వను.

'ఆపితే పునాది గట్టిపడుతుంది' అన్న మాట మీద చాలా పరిశోధన జరిగింది. అమెరికాలోని షికాగో నగరం 1996లో మూడు, ఆరు, ఎనిమిది తరగతుల పిల్లల్ని పరీక్ష పాసైతేనే పైకి పంపాలని నియమం పెట్టింది. ఆగిన మూడో తరగతి పిల్లలకి పెద్దగా లాభం కనిపించలేదు, ఆరో తరగతిలో ఆగినవాళ్లు ఇంకా వెనకబడ్డారు. ఫ్లోరిడా రాష్ట్రం 2002లో, మూడో తరగతి చివర చదవడం రాకపోతే ఆపేయాలని చట్టం తెచ్చింది. అక్కడ ఆగినవాళ్లు మొదట్లో బాగానే పుంజుకున్నారు, కొన్నేళ్లకి ఆ లాభం కరిగిపోయింది. హైస్కూల్లో మార్కులు మాత్రం కాస్త మెరుగయ్యాయని తర్వాత వచ్చిన అధ్యయనం చెప్పింది. అయితే వాళ్లని ఊరికే ఆపి వదిలేయలేదు. సెలవుల్లో ప్రత్యేక క్లాసులు, రోజూ 90 నిమిషాలు చదవడం మీదే పాఠాలు, మంచి టీచర్లు అన్నీ ఏర్పాటు చేశారు. లాభం ఆగడం వల్ల వచ్చిందా, ఆ సాయం వల్ల వచ్చిందా అన్నది ఇంకా తెగని చర్చే. నన్నడిగితే సాయం వల్లనే అంటాను. ఆ సాయం పై తరగతికి పంపి కూడా చేయొచ్చు. నార్వే, జపాన్ లాంటి దేశాల్లో ఈ తరగతుల పిల్లల్ని దాదాపుగా ఆపనే ఆపరు, అయినా అక్కడి పిల్లలకి చదవడం వస్తోంది.

మీ పాప సంగతి. స్కూలు వాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు గానీ నేను దీనికి చాలా విలువిస్తాను. ఇద్దరూ ఒకే క్లాసులో ఉంటే ఇంట్లో ఒకే హోంవర్కు, ఒకే పరీక్ష, ఒకే రోజు ఇద్దరి చేతుల్లో మార్కుల కార్డులు. పాప గడగడా చదివేస్తుందనుకోండి, వాడికి అన్నయ్య స్థానం పోతుంది. చదవలేదనుకోండి, ఇద్దరికీ ఎవరు ముందన్న పోటీ అంటుకుంటుంది. పాప తప్పేమీ లేకుండానే దానికి అపరాధ భావన. చుట్టాలొచ్చి 'ఏరా, ఇద్దరూ ఒకే క్లాసా, కవలలా?' అని నవ్వుతారు. వాళ్లకది సరదా, వాడికి కాదు. అమెరికాలో ఆరో తరగతి పిల్లల్ని ఏది జరిగితే మీకు ఎక్కువ బాధ అని అడిగితే, తల్లినో తండ్రినో కోల్పోవడం కన్నా, చూపు పోవడం కన్నా తరగతి ఆగిపోవడమే ముందు పెట్టారని 2005లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. తల్లిదండ్రులు లేకపోవడం అంటే ఏమిటో ఆ పిల్లలకి తెలిసి చెప్పారా అని నాకూ అనుమానమే. అయినా ఎంత భయపడతారో అర్థమవుతుంది.

ఆపడం ఎప్పుడూ తప్పే అని మాత్రం అనను. జబ్బుచేసి ఏడాదిలో ఎక్కువ భాగం బడికి వెళ్లని పిల్లకి ఆ ఏడాది మళ్లీ ఇవ్వడం న్యాయమే. చదువు చెప్పే భాష ఒక్కసారిగా మారిపోయిన పిల్లాడి విషయంలోనూ ఆలోచించొచ్చు, అదీ స్కూలు మారుతున్నప్పుడైతే కొంత నయం. మీరు రాసిన దాంట్లో ఇవేవీ లేవు.

ఇక ఈ రెండు వారాల్లో ఏం చేయాలంటారా. స్కూలుకి వెళ్లి ఇంకొంత గడువు అడగండి. పరీక్షలు చేయిస్తున్నాం, ఫలితం వచ్చాక చెబుతాం అంటే కాదనకపోవచ్చు. మీరొక్కరే కాకుండా ఇద్దరూ వెళ్లండి. టీచర్ని 'ఆపాలా వద్దా' అని అడగకండి, 'ఆపితే ఈ ఏడాది చేయనిది వచ్చే ఏడాది ఏం చేస్తారు?' అని అడగండి. ఆ జవాబులో ఎవరు, రోజుకి ఎంతసేపు, ఏ పద్ధతిలో చెబుతారన్నది ఉండాలి. 'బాగా శ్రద్ధ తీసుకుంటాం' అంటే అది జవాబు కాదు. ఆ తర్వాత, అదే సాయం నాలుగో తరగతిలో ఇవ్వడానికి ఏమిటి అడ్డమో అడగండి. ప్రశ్న చదివి వినిపిస్తే నోటితో జవాబు చెప్పనిస్తారా, రాతకి కాస్త ఎక్కువ సమయం ఇస్తారా అన్నది కూడా. ఇది ముఖ్యం, ఎందుకంటే ఇప్పటిదాకా చదవడం నేర్చుకున్నారు, ఇక్కడి నుంచి చదివి నేర్చుకోవాలి. సైన్సు, సోషలే కాదు, లెక్కలు కూడా వాక్యాల్లోనే వస్తాయి. లెక్క వచ్చినా ప్రశ్న చదవలేక తప్పుతాడు. ఏ సాయం లేకుండా ఊరికే పైకి తోసేస్తే అదీ అన్యాయమే. ఆపకపోతే చాలు, గండం గడిచినట్టే అనుకోకండి.

ఇంట్లో రోజూ ఒక పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. మూడో తరగతి పుస్తకం పక్కన పెట్టి, వాడికి సులువైనది తీసుకోండి. ఇరవై మాటల్లో పంతొమ్మిది తడుముకోకుండా రావాలి, అంతకంటే కష్టమైతే ఇంకా తేలిక పుస్తకం. మీరొక వాక్యం చదవండి, వాడొకటి. అదే పేజీ మర్నాడు మళ్లీ. ఆగిన చోట మూడు నాలుగు క్షణాలు చూసి మాట అందించేయండి, 'నిన్ననే కదరా చెప్పాను' అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. కథలు చదివి వినిపించడం మానొద్దు. చదవడం రాకపోయినా మాటలూ ఆలోచనలూ పెరుగుతూ ఉండాలి కదా.

మీ వారితో ఈ మాట జాగ్రత్తగా ఎత్తాలి. 'మీ వల్లే వాడికి వచ్చింది' అన్నట్టు ధ్వనించిందా, అంతే సంగతులు. పిల్లలు పడుకున్నాక కూర్చుని, 'ఆ ఏడాది మీకెలా గడిచింది? తోటివాళ్లు పైకి వెళ్లిపోతే ఏమనిపించింది?' అని అడగండి. అడిగి ఊరుకోండి. 'బాగానే ఉన్నాగా' అనే మగవాళ్లని చాలామందిని చూశాను. కాస్త ఓపిగ్గా వింటే ఆ ఏడాది ఏ బెంచీలో కూర్చున్నారో కూడా చెబుతారు. నిజంగా ఏమీ అనిపించలేదంటే అదీ నమ్మండి, కొందరికి అనిపించదు. కాగితాల సంగతి ఆయనంతట ఆయన చెబితేనే వినండి. చెబితే, పరీక్షకి బాబుని తీసుకెళ్లే పని ఆయనకే అప్పజెప్పండి. 'నాకూ చదవడం కష్టంగా ఉండేదిరా' అని నాన్న నోట వింటే ఆ పిల్లాడి గుండెల మీంచి ఎంత బరువు దిగుతుందో! అత్తగారికి మాత్రం కళ్లూ చెవులూ చూపిస్తున్నాం, అంతదాకా ఎవరి దగ్గరా ఈ మాట వద్దని చెబితే చాలు.

చివరగా, వాడు రాత్రి మీతో పెట్టుకున్న ఒప్పందం. 'బాగా చదువుతా, చెల్లి క్లాసులో వేయించకు' అన్నాడు. అంటే ఇదంతా తను సరిగా చదవకపోవడం వల్లే వచ్చిందని నమ్ముతున్నాడు. నిలబెట్టుకోవడం వాడి చేతుల్లో లేని మాట అది. 'సరే, బాగా చదువు మరి' అని ఒప్పుకోకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని, 'నువ్వు కష్టపడుతున్నావని నాకు తెలుసు. అక్షరాలు ఎందుకు ఏడిపిస్తున్నాయో మనం కలిసి కనుక్కుందాం. ఏది నిర్ణయించినా ముందు నీకే చెబుతాం' అనండి. ఆపబోమని మాట ఇవ్వకండి, పరీక్షలు అయ్యేదాకా అది మీ చేతుల్లోనూ లేదు. ఏ పరీక్ష ఏ రోజో మాత్రం చెప్పండి. పిల్లలకి తేదీ తెలిస్తే సగం భయం తగ్గుతుంది.