మేడే అన్నాక ఏమి చెప్పాలి?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగు విన్నాను. సిమ్యులేటర్‌లో విమానాన్ని దించిన తీరు బాగుంది, రేడియోలో మాట్లాడిన తీరే బాగా లేదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు రేడియోలో పిలిచే మేడే అని గొంతు చించుకున్నావు, ఇంజిన్ పోయిందన్నావు, ఆ తర్వాత మైకు బటన్ వదలకుండా ఆయాసపడ్డావు. నువ్వు ఎవరివో, ఎక్కడున్నావో, ఏమి చేయబోతున్నావో అవతలివాడికి ఒక్క ముక్క అందలేదు. నౌకాదళంలో రేడియో ముందు ఇంత జీవితం గడిపిన నేను శ్రీకాకుళంలో కూర్చుని ఉండగా, విజయనగరంలో నా మేనల్లుడు ఇలా మాట్లాడితే ఎలాగయ్యా? ఫోనులో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ఆపద వచ్చిన క్షణంలో రేడియో ముట్టుకోకు. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాట. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయినప్పుడు, కెప్టెన్ సలెన్‌బర్గర్ మేడే చెప్పేసరికి ఇరవై సెకన్లు దాటాయి. ఆ లోపు ఆయన తోక భాగంలో కరెంటు ఇచ్చే చిన్న సహాయక ఇంజిన్, ఏపీయూను స్టార్ట్ చేశాడు, విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. హడ్సన్ నదిలో దిగేవరకు ఆయనకు దక్కినదే మూడున్నర నిమిషాలు! ఆ కంగారులో తన ఫ్లైట్ నంబరు 1549ని 1539 అన్నాడు కూడా. అయినా ఏమీ చెడలేదు. పక్షులు తగిలాయి, రెండు ఇంజిన్లలోనూ శక్తి లేదు, లాగార్డియా విమానాశ్రయానికి తిరిగి వస్తున్నాను అని వరుసగా చెప్పాడు. తర్వాత కింద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్ రన్‌వే ఇవ్వబోతే ‘అన్‌ఏబుల్’ అన్నాడు. విమానంలోని 155 మందీ బతికారు.

ఆ ‘అన్‌ఏబుల్’ నువ్వు ప్రత్యేకంగా నేర్చుకోవాలి. పెద్దవాళ్లు చెప్పినదానికి కాదనడం మన ఇళ్లలో అలవాటు లేదు, నీకు మరీ మొహమాటం. కంట్రోలర్ ఎంత అనుభవజ్ఞుడైనా నీ ఇంజిన్ సంగతి నీకు తెలిసినంతగా అతనికి తెలియదు. కుదరకపోతే కుదరదని చెప్పు. చేతులు ఖాళీ లేకపోతే ‘స్టాండ్ బై’ అని ఊరుకో, అతను ఆగుతాడు.

ఇప్పుడు మన తీరం మీదే ఒక పాఠం కట్టుకుందాం. విశాఖలో సెస్నా 172 ఎక్కి, భీమిలి మీదుగా శ్రీకాకుళం వైపు వస్తున్నావు. భోగాపురం దగ్గర 3,000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగింది. వేగాన్ని 65 నాట్ల దగ్గర నిలబెట్టుకుంటే, గాలి లేనప్పుడు సుమారు నాలుగున్నర నాటికల్ మైళ్లు జారుతావు. అంటే నీకున్నది నాలుగు నిమిషాలు. వెనక్కి విశాఖ రన్‌వే అందనే అందదు. జీడితోటలు కాకుండా చదునైన చేను ఒకటి చూసుకుని అటు తిప్పు. ఇంధనం, స్విచ్‌లు చూడు. అప్పుడు బటన్ నొక్కు, అర సెకను ఆగు. ఆగకపోతే మొదటి మాట తెగిపోతుంది.

వరుస ఇది: మూడుసార్లు మేడే, పిలుస్తున్న టవర్ పేరు, రేడియోలో నీ విమానం పేరైన కాల్‌సైన్, ఇంజిన్ ఆగిందన్న సంగతి, చేలో దిగబోతున్నానన్న నిర్ణయం, భోగాపురానికి ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నావు, ఎత్తు, ముక్కు ఏ దిశకు ఉంది, లోపల ఎందరున్నారు. ట్యాంకులో ఇంధనం ఎంతసేపటికి సరిపోతుందో కూడా చెప్పాలంటారు గాని, ఇంజినే ఆగినవాడికి అది చివరిమాట. సమయం చాలకపోతే మొదటి సగమైనా ఈ వరుసలోనే పోవాలి. నిమిషానికి వంద మాటలు మించకూడదని అంతర్జాతీయ నియమం. మన ఉత్తరాంధ్ర వాళ్ల నాలుకకు అది శిక్షే, కానీ తప్పదు.

రికార్డింగులో నువ్వు ఆపద ఫ్రీక్వెన్సీ 121.5కి ఎందుకు మారావు? అప్పటికే ఒక కంట్రోలర్ నీతో మాట్లాడుతుంటే అక్కడే చెప్పాలి, అతనికి నీ సంగతంతా తెలుసు. ఎవరూ పలకనప్పుడే 121.5. రాడార్‌కు నీ గుర్తింపు కోడ్ పంపే ట్రాన్స్‌పాండర్ సంగతీ అంతే. అతను కోడ్ ఇచ్చి ఉంటే, మార్చమనేవరకు అదే ఉంచు. లేకపోతే ఆపద కోడ్ 7700 పెట్టు.

ప్రాణం మీదకు రాలేదు గాని ఆలస్యం చేయకూడదు అనుకో, ప్రయాణికుడికి ఒంట్లో బాగాలేదనో దారి తప్పాననో, అప్పుడు పాన్ పాన్. అదీ మూడుసార్లే.

ఇంధనం దగ్గర మాత్రం నీళ్లు నమలకు. 1990 జనవరి 25న ఏవియాంకా 52 అనే బోయింగ్ 707 బొగోటా నుంచి న్యూయార్క్ వచ్చి, గంటకు పైగా ఆకాశంలోనే చక్కర్లు కొట్టింది. సిబ్బంది ప్రాధాన్యం కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు. ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం అనలేదు. కంట్రోలర్లకు ఆ తీవ్రత అర్థం కాలేదు. విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలి 73 మంది పోయారు. ఇప్పుడు నియమం స్పష్టంగా ఉంది. ఇక ఆలస్యమైతే ముట్టుకోకుండా దిగాల్సిన చివరి నిల్వలోకి పోతానంటే ‘మినిమమ్ ఫ్యూయల్’. దిగేసరికి ఆ నిల్వ తరిగిపోతుందని లెక్క తేలితే ‘మేడే ఫ్యూయల్’. జెట్‌కు ఆ నిల్వ 30 నిమిషాలు. మొదటిది సమాచారమే, ప్రాధాన్యం రాదు. రెండోదానితో అందరూ తప్పుకుంటారు. నువ్వు పెద్ద విమానాలకు మారినప్పుడు ఈ రెండూ కలిపేయకు.

సిమ్యులేటర్ వాళ్లంతా ఆన్‌లైన్‌లో కలిసే వాట్‌సిమ్ నెట్‌వర్క్‌లో ఎగిరేటప్పుడు ఒక మర్యాద ఉంది. అక్కడ హైజాక్ ఆటలు నిషిద్ధం, హైజాక్ కోడ్ 7500 పెట్టనే కూడదు. కంట్రోలర్ నీ ఆపదను ఆపేయమంటే ఆపాలి, కాదంటే నెట్‌వర్క్ నుంచి తప్పుకోవాలి. అతనూ నీలాగే పని ముగించుకుని సరదాకు కూర్చున్నవాడు. పది విమానాలు వరుసలో ఉన్న సాయంత్రం నీ ఇంజిన్ సాధన ఎవరికి కావాలి? రద్దీ లేని వేళ చూసుకో, ముందే అడిగితే ఇంకా మంచిది. అసలు వరుస నోటికి వచ్చేవరకు ఆఫ్‌లైన్‌లోనే చెయ్యి.

ఇంకొకటి, ఇంజిన్ తిరిగి అందుకుందనుకో, మేడేను రద్దు చేశానని అదే ఫ్రీక్వెన్సీలో చెప్పాలి. నువ్వు చెప్పేవరకు మిగతా వాళ్లందరూ నీ కోసం నోరు మూసుకునే ఉంటారు.

భోగాపురం పాఠం రికార్డు చేసి పంపు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య,
శ్రీకాకుళం