వరుస తప్పితే అక్షరం గుర్తుపట్టడం లేదు

చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలలో అయిదింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. మొదటి ప్రశ్న చాలా ఇళ్లలో వినిపించేదే కాబట్టి దానికి ఎక్కువ చోటు పట్టింది.

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నర ఏళ్లు. అ నుంచి ఱ వరకు తడబడకుండా చెబుతాడు. చుక్కలు కలిపి రాసే పుస్తకంలో రోజూ ఒక పేజీ నింపుతాడు. అయితే పేపర్లో ఎక్కడైనా మ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మాత్రం బిక్కముఖం వేస్తాడు. మొదటి నుంచి వల్లె వేసుకుంటూ వస్తే తప్ప చెప్పలేడు. బడిలో అడిగితే ఇంట్లో రాత ఇంకా ఎక్కువ చేయించమన్నారు. ఏమి చేయాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ బాబుకు వరుస వచ్చింది కాని అక్షరాలు ఇంకా రాలేదు. బతుకమ్మ పాటలో నడిమి చరణం ఒకటి అడిగితే పాడలేక, మొదటి నుంచి అందుకుని అక్కడిదాకా వచ్చేవాళ్లను మీరు చూసే ఉంటారు. కంఠస్థం చేసినదేదైనా అలాగే ఉంటుంది. ఇందులో పిల్లవాడి లోపం ఏమీ లేదు. రాత ఎక్కువ చేయించమన్న సలహాను మాత్రం నేను ఒప్పుకోలేను, ఎందుకంటే చుక్కలు కలిపేటప్పుడు పిల్లల చూపు పక్కనున్న చుక్క మీద ఉంటుందే గాని అక్షరం మొత్తం మీద నిలవదు, నోరు కూడా ఏమీ పలకదు. కొన్నాళ్లు ఆ పుస్తకాన్ని అటక మీద పెట్టండి. బాబు తడబడిన మ అనే ఒక్క అక్షరాన్నే తీసుకోండి.

మొదట చెవికి పని చెప్పాలి. మ అనేటప్పుడు రెండు పెదవులూ కలుసుకోవడాన్ని అద్దంలో చూపించండి. ప, బ పలికినా పెదవులు కలుస్తాయి గాని, ముక్కు మీద వేలు పెట్టుకుని మ్ అని కాసేపు సాగదీస్తే తెలిసే అదురు వాటిలో ఉండదు. పిల్లలకు ఇది మంచి వినోదం. తర్వాత మక్కలు, మట్టి, మల్లె, మర్రి అని చెబుతూ మధ్యలో పలక, కడప, తట్ట వంటి మాటలు కలపండి. మతో మొదలైన మాట వినబడినప్పుడే చప్పట్లు కొట్టమనండి. ఇక్కడ పెద్దలు తరచుగా తొందరపడి మ అంటే మామిడి, మ అంటే మేక అని చెప్పేస్తారు. మామిడి అనగానే పిల్లవాడి చెవిన పడేది మా, మేక అంటే పడేది మే. మన లిపిలో ఆ రెండూ వేరువేరుగా రాసేవే కాబట్టి, గుణింతం తెలియని పిల్లవాడికి మనమే గందరగోళం తెచ్చిపెట్టినట్టవుతుంది. అమ్మ అన్న మాట ఎంత దగ్గరిదైనా, అందులో రెండో మ వత్తుగా మారి కిందికి దిగి వేరే రూపంలో ఉంటుంది, కాబట్టి దానితో మొదలుపెట్టకండి.

తర్వాత కంటి పని. మీరు హనుమకొండలోనే ఉన్నారు కాబట్టి పిల్లవాడిని ఒకసారి బస్టాండుకు తీసుకువెళ్లి బస్సుల బోర్డులు చూపించండి. మంచిర్యాల, మంథని, మహబూబాబాద్ అనే పేర్లు మూడూ మతోనే మొదలవుతాయి. ఒకటి రంగుతో రాసినది, ఒకటి అచ్చు వేసినది, ఒకటి విద్యుద్దీపాల చుక్కలతో వెలిగేది అయినా అన్నిటిలో ఉన్నది ఒకే అక్షరమని పిల్లవాడు కనిపెట్టడమే అక్షరాన్ని గుర్తుపట్టడం. ఒకే పుస్తకంలో ఒకే సైజులో ఉన్న అక్షరాన్ని ఎన్నిసార్లు చూపినా ఈ పని జరగదు. ములుగు, మేడారం బోర్డులను మీరుగా చూపించవద్దు. వాడే చూసి ఇది కూడా మ కదా అని అడిగితే, అవును, దానికి ఇంకొకటి తోడైందని చెప్పి ఊరుకోండి.

ఒకదానినొకటి పోలిన అక్షరాలకు కూడా మన ఊళ్ల పేర్లు బాగా పనికివస్తాయి. ప, వ, మ, హ అనేవి పిల్లలను ఎక్కువగా తికమకపెట్టే గుంపు. పరకాల, వరంగల్, మంచిర్యాల, హనుమకొండ అని నాలుగు అట్టముక్కల మీద పెద్దగా రాసి పెట్టుకుంటే ఆ నాలుగూ అక్కడే దొరుకుతాయి. పలో తలకట్టు అక్షరం ఒంటికి తగలకుండా పైన నిలుస్తుందని, వలో అది ఒంటిని అంటుకుని ఉంటుందని, వకు కుడివైపున కొమ్ములాంటి వంపు చేరితే మ అవుతుందని పిల్లవాడి చేతే చెప్పించాలి. అయితే ఈ పోలిక మొదటి వారంలో చేయవలసినది కాదు. మ బాగా స్థిరపడిన తర్వాత దానికి బొత్తిగా పోలిక లేని ర, ల నేర్పి, ఆ తర్వాతే వను తెచ్చి మ పక్కన పెట్టండి. వర్ణమాల వరుస నిఘంటువుకు అవసరం గాని పసివాడికి కాదు. మ, ర, ల, క, త, ప అనే ఆరు అక్షరాలు వస్తే గుణింతాలూ వత్తులూ ఏమీ లేకుండానే తల, మరక, కలప, పలక అనే మాటలు చదవగలడు. చేతిలో ఉన్న పలక పేరును తానే చదివిన పిల్లవాడికి అటు తర్వాత మీరు పెద్దగా చెప్పవలసిన పని ఉండదు.

రాత అన్నిటికంటె చివర. ఈ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, సన్నని గీతల మధ్య పెన్సిలును ఆపగలిగే అదుపు వేళ్లకు ఉండదు. తెలుగు అక్షరాలలో నిలువు గీతలు, అడ్డ గీతలు తక్కువ, వంపులు ఎక్కువ కాబట్టి ముందుగా అలవడవలసింది చేతిని రెండు వైపులకూ గుండ్రంగా తిప్పడం. దీనికి సంక్రాంతి ముందు మన ఇళ్లలో సాగే సకినాల పనిని మించిన సాధన నాకు కనిపించదు. తడిపిన బియ్యప్పిండిని వేళ్ల కొసల మధ్య నలుపుతూ, మెలిపెడుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా దింపడంలో రేపు బలపం పట్టుకోవలసిన వేళ్లే పనిచేస్తాయి. వాడి సకినం వంకరగా వచ్చినా నూనెలో వేయండి, వాడే తింటాడు. పండుగ లేని రోజులలో చాటలో పలుచగా పరిచిన ఇసుక మీద చూపుడు వేలితో రాయించవచ్చు, లేదా గచ్చు మీద మీరు సుద్దముక్కతో మూరెడు మ రాసి, తడి వేలితో దాని వెంటే వెళ్లి చెరపమనవచ్చు. చెరుపుతూ మ అని పైకి పలకాలి. గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో మీరు పక్కన కూర్చుని రాసి చూపించాలి గాని చెయ్యి పట్టుకుని దిద్దించడం ఎక్కువ కాలం చేయకూడదు. ఒళ్లు ముందు రాసి తలకట్టు తర్వాత పెట్టడం మామూలు పద్ధతి. బడిలో వేరే వరుస చూపిస్తే ఇంట్లో కూడా అదే పాటించండి, ఎందుకంటే రెండు చోట్ల రెండు రకాలుగా ఉండడమే అసలు ఇబ్బంది.

పలక మీదికి వచ్చినప్పుడు పొడవాటి బలపం ఇవ్వకుండా చిన్న ముక్క ఇవ్వండి. ముక్క చిన్నదైతే పిడికిలితో పట్టుకోవడానికి వీలుండదు, వేళ్ల కొసలతో పట్టుకోక తప్పదు. పలక తర్వాత గీతలు లేని తెల్ల కాగితం, గీతల పుస్తకం ఒకటో తరగతిలో. రోజుకు పది నిమిషాలు చాలు. అక్షరాన్ని తిరగేసి రాయడం ఆరేడేళ్ల వరకూ పిల్లలలో మామూలే కాబట్టి దానికి భయపడకండి. అయితే ఇంత చేసినా నెలల తరబడి ఒక్క అక్షరమూ నిలవకపోతే, లేదా పుస్తకాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుంటుంటే, కళ్లూ చెవులూ ఒకసారి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్లు. బాసరలో అక్షరాభ్యాసం చేయించాము. అక్కడ కుడిచేతితోనే దిద్దింది గాని, ఇంటికి వచ్చాక బలపం ఎడమచేతితో పడుతున్నది. చుట్టాలు ఇప్పుడే మాన్పించమంటున్నారు.
– ఒక తాత, జగిత్యాల

జవాబు: అయ్యా, సరస్వతి సన్నిధిలో బియ్యంలో కుడిచేతితో దిద్దించడం ఆచారం, అది ఆచారంగా జరిగిపోయింది. రోజూ రాసే చెయ్యి ఏదన్నది పాప శరీరం నిర్ణయించుకునే విషయం, దానిని బలవంతంగా మార్చబోతే రాత మందగించడమే కాకుండా చదువంటేనే వెగటు పుడుతుంది. మీరు చేయవలసింది చిన్న సర్దుబాటు. పలకను ఆమెకు కొంచెం ఎడమవైపుగా జరిపి, ఎడమ పైమూల కాస్త ఎత్తుగా ఉండేటట్టు వాల్చండి. లేకపోతే రాస్తున్న అక్షరం తన చేతికిందే దాగిపోయి, మణికట్టును వంకరగా తిప్పవలసి వస్తుంది. బడిలో బెంచీ మీద ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి, పక్కవారి మోచెయ్యి తగలదు. చుట్టాలకు ఏమి చెప్పాలో మీకు తెలుసు.

ప్రశ్న: మా కేంద్రానికి తండా పిల్లలు ఎక్కువగా వస్తారు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. గోడ మీది చార్టులో ఋషి, ఔషధం, ఓడ, ఒంటె ఉన్నాయి. బొమ్మ చూపిస్తే వాళ్లు వేరే పేరేదో చెబుతారు. ఎలా నేర్పాలి?
– అంగన్‌వాడీ టీచర్, మహబూబాబాద్ జిల్లా

జవాబు: టీచరుగారూ, ఆ చార్టు తెలుగు ఇళ్ల పిల్లలకు కూడా అంతగా సరిపోదు. ఊ దగ్గర ఊయల బొమ్మ ఉంటుంది, మన ప్రాంతపు పిల్లవాడు దానిని చూసి ఉయ్యాల అంటాడు, మనం ఊ అనమంటాము. తప్పు పిల్లవాడిది కాదు, బొమ్మది. ఓడను చూడని పిల్లలకు ఓ నేర్పడానికి ఓరుగల్లు చాలు, కోట ఫోటో ఒకటి అతికించండి. ఒ దగ్గర ఒంటె బదులు ఒడి పెట్టవచ్చు, అమ్మ ఒడిలో కూర్చున్న బిడ్డ బొమ్మ మీరే గీయవచ్చు. ఈకు ఈత పండు, అంకు అంగడి, ఎకు ఎద్దు, బకు బతుకమ్మ సరిపోతాయి.

తండా పిల్లల విషయంలో ఇంకొక మెట్టు కావాలి. అక్షరం చూపే ముందే ఆ వస్తువును ఇంట్లో ఏమంటారో వాళ్లను అడిగి, ఆ మాట మీరూ పలికి, తర్వాత తెలుగు మాట చెప్పండి. తెలియని మాటతో తెలియని గుర్తును నేర్పడం రెండింతల బరువు అవుతుంది. అన్నిటికంటె తొందరగా అతుక్కునేది పిల్లల సొంత పేరు. ఒక్కొక్కరి పేరు అట్ట మీద రాసి, రాగానే ఎవరి అట్ట వాళ్లు వెతుక్కుని మేకుకు తగిలించడం హాజరుగా పెట్టుకోండి. పేర్లలో గుణింతాలూ వత్తులూ ఉంటాయి గాని అక్కడ విడదీసి చదవమని అడగకండి, పేరు మొత్తాన్ని గుర్తుపడితే చాలు. అక్షరాలన్నీ మీ దగ్గరే పూర్తి కావాలన్న ఒత్తిడి పెట్టుకోవద్దు. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం రాష్ట్రంలో 2022లో మొదలుపెట్టిన తొలిమెట్టు కూడా 1 నుంచి 5 తరగతుల పిల్లలకు ఉద్దేశించినదే.

ప్రశ్న: పాప ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నది. రెండు లిపులు ఒకేసారి నేర్పితే కలగాపులగం అవుతుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కాదు. రెండింటి ఆకారాలకూ పోలిక తక్కువ. తెలుగు అక్షరం పేరూ దాని శబ్దమూ ఒకటే కావడం వల్ల, శబ్దానికి గుర్తు ఉంటుందన్న ఎరుక పిల్లలకు తెలుగులో త్వరగా కలుగుతుంది, అది ఇంగ్లీషుకూ పనికివస్తుంది. ఒకే రోజు రెండింటిలోనూ కొత్త అక్షరం చెప్పకుండా ఉంటే చాలు. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా 1 నుంచి 10వ తరగతి వరకు తెలుగు తప్పనిసరి కాబట్టి, తెలుగును తర్వాత చూసుకుందామనుకోవడం వల్ల లాభం లేదు.

ప్రశ్న: యాభై ఆరు అక్షరాలూ నేర్పాలా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: బడికి వెళ్లకముందు అక్కరలేదు. ఌ, ౡ, ఙ, ఞ, అరసున్నలను ఇప్పుడు వదిలేయండి. ఋ, ౠ, ఱ పెద్ద తరగతులలో మాటలతో పాటు వాటంతట అవే వస్తాయి. ఛ, ఝ, ఢ, థ వంటివి కూడా పాప వాటి జంటలైన చ, జ, డ, తలను తడుముకోకుండా చదివినప్పుడే చూపించండి.