స్విచ్ పీఓఈ ప్లస్ అయినా యాక్సెస్ పాయింట్‌లో లో పవర్ హెచ్చరిక

మీ వైఫై యాక్సెస్ పాయింట్‌లో లో పవర్ హెచ్చరిక వస్తోందని, 5 గిగాహెర్ట్జ్ వేగం కూడా పడిపోయిందని అడిగారు. అది పాడైనట్టు లేదు, దానికి కరెంటు చాలడం లేదు. స్విచ్ పీఓఈ ప్లస్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఎక్కువ కరెంటు ఇచ్చే రకం) అని రాశారు గానీ, లో పవర్ హెచ్చరిక వస్తోందంటే ఆ పోర్టు ఇంకా 802.3ఏఎఫ్ (పాత, తక్కువ పవర్ పీఓఈ ప్రమాణం) లెక్కలోనే ఇస్తూ ఉండాలి. అందులో పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, కేబుల్ నష్టం పోను చివరికి అందేది 12.95. 802.3ఏటీలో, అంటే పీఓఈ ప్లస్‌లో, 30 ఇస్తే 25.5 అందుతుంది. పవర్ తక్కువైతే చాలా మోడళ్లు కొన్ని రేడియో చైన్లు (సిగ్నల్ పంపే, అందుకునే మార్గాలు) ఆపేస్తాయి. మీ 5 గిగాహెర్ట్జ్ వేగం పడిపోయింది బహుశా అందుకే.

1. పోర్టుకు ఎన్ని వాట్లు కేటాయించిందో స్విచ్‌లో చూడండి.

2. ఎల్ఎల్‌డీపీ (స్విచ్, యాక్సెస్ పాయింట్ తమ వివరాలు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) ఆన్‌లో ఉందా? చాలామంది వదిలేసేది ఇదే. అదనపు వాట్ల బేరం ఎక్కువగా దాని మీదే నడుస్తుంది. సెక్యూరిటీ పేరుతో ఎవరో ఆపేసి ఉంటారు (మామూలే). స్విచ్ మొత్తానికి ఆన్ చేస్తే చాలదు, ఆ పోర్టులో పంపడం, అందుకోవడం రెండూ ఆన్‌లో ఉండాలి.

3. తర్వాత ఆ పోర్టులో పీఓఈ ఆపి మళ్లీ ఇవ్వండి. ఉత్తినే పోర్టును షట్ చేస్తే కొన్ని స్విచ్‌లు కరెంటు ఆపవు.

4. అప్పటికీ రాకపోతే స్విచ్ మొత్తం పీఓఈ బడ్జెట్ (అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల వాట్లు) నిండిందేమో చూడండి. అదీ కాదంటే 802.3ఏటీ ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే విడి పరికరం) పెట్టండి. దాంతోనూ హెచ్చరిక పోకపోతే కేబుల్ మార్చి చూడండి.