లద్దాఖ్ పొదల్లో టిట్ వార్బ్లర్‌ని చూడాలంటే

జూన్‌లో లేహ్ వెళ్తున్నాం, వైట్ బ్రౌడ్ టిట్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట కోసం సింధు ఒడ్డున సీబక్‌థార్న్ అనే ముళ్ల పొదలు వెతికితే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదండీ. లేహ్ దగ్గరి షే, థిక్సే ఊళ్ల వైపు ఆ పొదలు చలికాలానికి మంచి చోట్లు. ఎండాకాలంలో ఇది చాలామటుకు గూళ్ల కోసం పైకి వెళ్లిపోతుంది. హెమిస్ నేషనల్ పార్కులో రుంబక్ లాంటి లోయలు చూడండి. వాగు పక్కన విల్లో, అడవి గులాబీ, కరగానా పొదలు కలిసి గుబురుగా ఉన్నచోటే మీకు పని. రుంబక్ దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. లేహ్‌లో దిగాక కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే ఎక్కండి.

కొండంతా బైనాక్యులర్‌తో జల్లెడ పడితే ఏమీ దొరకదు. ఇది పది సెంటీమీటర్ల పిట్ట, పొద లోపలే తిరుగుతుంది. ఒక గుబురు ఎంచుకుని, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా, పదిహేను మీటర్ల దూరంలో కదలకుండా కూర్చోండి. పొదని కాదు, రెండు పొదల మధ్య ఖాళీని చూడండి. నేలకు దగ్గరగా ఎగిరి పక్క పొదలో దూరేటప్పుడే బయటపడుతుంది. సన్నటి 'స్స్' లాంటి కూత ముందు వినిపిస్తుంది. మధ్యాహ్నం గాలి లేస్తే కూతా వినపడదు, ఏ ఆకు ఎందుకు కదిలిందో తెలీదు. అందుకే పదింటిలోపే చూసుకోవాలి.

తుప్పు రంగు నడినెత్తి, కంటి మీద తెల్ల గీత, పొడవాటి నల్ల తోక: ఈ మూడూ చూడండి. మగదాని రొమ్మూ నడుమూ ఊదా నీలం. వెలుతురు ఎదురుగా ఉంటే ఆ రంగంతా నలుపైపోతుంది, పొరపాట్లు ఎక్కువ అక్కడే. ఆడది వెలిసినట్టుంటుంది, నడుము దగ్గర కాస్త ఊదా. అవే పొదల్లో తిరిగే మౌంటెన్ చిఫ్‌చాఫ్ అనే ఇంకో పిట్ట ఉత్త గోధుమ రంగు, దానికి తుప్పు రంగు నెత్తి ఉండదు.

ఫొటోకి సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టండి, లేకపోతే కెమెరా ముందున్న ముల్లునే పట్టుకుంటుంది. షటర్ వేగం 1/1000 సెకనుకి తగ్గనివ్వద్దు.

ఫోన్‌లో కూత వినిపించి పిలవడం మాత్రం వద్దు, అది గూడు కాలం. ముక్కున ఈక పట్టుకుని ఒకే పొదలోకి మళ్లీ మళ్లీ వెళ్తుంటే లోపల గూడు కడుతున్నట్టే. వెంటనే లేచి ఇంకో గుబురుకి వెళ్లండి.