తమ్ముడి తరఫున జవాబు చెప్పకండి

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటిజబ్బు వల్ల చూపు తగ్గుతోంది. పెళ్లిళ్లకు వచ్చినా ఓ మూల కూర్చుంటాడు, ఎవరు పలకరించినా నేనే జవాబు చెప్తున్నా. "నేనెందుకూ పనికిరాను" అంటున్నాడు. ఏం చెయ్యాలి?
– ఓ అక్క, మలక్‌పేట

జవాబు: ఆ మాటకు చూపు ఒక్కటే కారణం కాదమ్మా. తను పక్కనే ఉండగా "తమ్ముడు భోంచేశాడా?" అని మిమ్మల్ని అడుగుతారు, మీరు చెప్పేస్తారు. రోజూ ఇదే జరిగితే తను అక్కడ లేనట్టే అనిపిస్తుంది. ఇకపై ఎవరైనా అలా అడిగితే నోరు మెదపకుండా తమ్ముడివైపు తిరగండి. కాసేపట్లో అడిగినవాళ్లూ అటే తిరుగుతారు. ఆ కాసేపూ మీకు ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి.

ఈ జబ్బులో సాధారణంగా ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు పోతుంది. నడిమి చూపు చాలాకాలం మిగలొచ్చు. అందుకే ఫోన్‌లో అక్షరాలు చదివిన మనిషే కాళ్ల దగ్గరి కుర్చీ తట్టుకుని పడతాడు. చూసినవాళ్లు "నటిస్తున్నాడు" అనేస్తారు. జనంలోకి రావడం మానేయడానికి ఆ ఒక్క మాట చాలు. తమ్ముణ్ని అడిగి, బంధువులకు ఈ సంగతి ముందే చెప్పండి. తెల్లకర్ర చేతిలో ఉంటే చాలామందికి వివరించే పనే ఉండదు.

పలకరించేవాళ్లు అతని పేరు పిలిచి, తామెవరో చెప్పాలి. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దు. లేచి వెళ్లేటప్పుడు "వెళ్తున్నా" అనాలి, లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడి నలుగురిలో చిన్నబోతాడు. తల ఊపితే తెలియదు, "ఊ" కొట్టండి. ఇరానీ హోటల్లో చాయ్ వస్తే "అదిగో" అంటే లాభం లేదు. కప్పు బల్లకు తగిలిన చప్పుడు వినబడేలా పెట్టి, "చాయ్ నీ కుడిచేతి ముందు, జానెడు దూరంలో ఉంది. బిస్కెట్లు ఎడమవైపు" అనండి. బిల్లు తననే కట్టనివ్వండి. "చూశావా?" లాంటి మాటలు మానక్కర్లేదు.

నడిచేటప్పుడు వెనకనుంచి నెట్టకండి, చెయ్యి పట్టి లాగకండి. మీ మోచేతికి కాస్త పైన తననే పట్టుకోనివ్వండి, మీరు అరడుగు ముందుండండి. మెట్ల దగ్గర ఆగి, ఎక్కేవో దిగేవో చెప్పండి. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్లకు రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే పునరావాస విభాగం ఉంది, ఒకసారి కలవండి.

ప్రశ్న: చూపు తగ్గిన నాన్నగారికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరమీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేశాం. ఫోన్ పాడైందంటున్నారు.
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: పాడవలేదు. టాక్‌బ్యాక్‌లో ఒకసారి తాకితే చదువుతుందంతే. తెరవాలంటే రెండుసార్లు గబగబా తట్టాలి, పేజీ జరపాలంటే రెండు వేళ్లతో జరపాలి. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ మీటలూ కలిపి 3 సెకన్లు నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. తెలుగు గొంతు పెట్టి వేగం తగ్గించండి. ముందుగా వాట్సాప్ నేర్పండి. తనకొచ్చిన మెసేజ్‌ని ఇంకొకరు చదివిపెట్టాల్సిరావడం ఏ తండ్రికైనా కష్టంగానే ఉంటుంది.