ఎముక లేదు, అడుగుజాడ ఉంది

ప్రశ్న: సార్, అనోమోపస్ అనే డైనోసార్‌వి అడుగుజాడలే దొరికినయట, ఒక్క ఎముక కూడా లేదట. మా పాప చదివి చెప్పింది. మరి అది ఆకులు తినేదని ఎట్ల చెప్తరు? మన దిక్కు దొరికినట్టు ఎముకలుంటే నమ్మొచ్చు గని.
– ఒక తల్లి, చెన్నూరు

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. అనోమోపస్ అన్న పేరు అసలు ఆ జాడకు పెట్టింది. 1848లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే ప్రొఫెసర్ పెట్టారు. అక్కడి కనెక్టికట్ నది లోయలోని మూడువేళ్ల జాడలు చాలావరకు పెద్ద పక్షులవని ఆయన నమ్మకం. డైనోసార్లవని తర్వాత తేలింది. వాటి వయసు దాదాపు 20 కోట్ల ఏళ్లు.

ఆకుతిండి సంగతి పట్టిచ్చింది చెయ్యి. నడిచినంతసేపూ ఎక్కువగా వెనకకాళ్ల మూడువేళ్లే అచ్చుపడతాయి. ఆ జంతువు కూర్చున్న చోట మాత్రం వెనకపాదం మడమదాకా పొడుగ్గా పడింది, ముందర చేతులు ఆనిన గుర్తులున్నాయి: ఐదు పొట్టి వేళ్లు, విచ్చుకుని. వేటాడే డైనోసార్లకు అప్పటికే చేతివేళ్లు తగ్గిపోయాయి. ఆకులు తినే ఆర్నితిస్కియన్ల గుంపులో లెసోతోసారస్ లాంటివాటి ఎముకల్లో ఐదువేళ్ల చెయ్యే కనిపిస్తుంది.

మరి ఎముకలేవి? హనుమకొండలో జియాలజీ చెప్పే రోజుల్లో పిల్లల్ని ఎండకాలం వడ్డేపల్లి చెరువు ఒడ్డుకు తీసుకుపోయేవాణ్ణి. బర్రె డెక్క దిగిన చోట బురద అంచు పైకి పొంగి, ఎండి, బీటలిస్తుంది. వానకు కొత్త ఒండ్రు దాన్ని నింపుతుంది. బర్రె మాత్రం ఎప్పుడో ఇంటికి పోయింది! ఎముక మిగలాలంటే జంతువు అక్కడే చచ్చి, కుళ్లేలోపు పూడిపోవాలి. అడుగులైతే బతికినన్నాళ్లూ వేస్తూనే ఉంటుంది.

ఎముకలున్నా ఊహ తప్పదమ్మా. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికి, 1988లో పేరు పెట్టుకున్న మన కోటాసారస్‌కు అన్ని ఎముకలున్నా పుర్రె దొరకలేదు. విడిగా దొరికిన పళ్లు, ఒళ్లు చూసి ఆకుతిండి అన్నారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబెట్టారు, పాపకు తప్పక చూపించండి. నాకైతే జాడంటేనే ఎక్కువ ఇష్టం. ఆ ప్రాణి ఎట్లా కూర్చుందో ఏ ఎముకా అంత సూటిగా చెప్పదు.

మీ దిక్కు ప్రాణహిత, గోదావరి ఒడ్డున ఏ బండ మీదనైనా వరుసగా గుంటలు కనబడితే దయచేసి ఎవర్నీ ఉలి పెట్టనీయకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు చెప్పండి. ఒక్క గుంటను పెకిలించి తెస్తే అడుగుకూ అడుగుకూ మధ్య దూరం పోతుంది, నడక లెక్కగట్టేది దాంతోనే.